ఉచితము వెనుక నున్న వెల

గత సంవత్సరము తల్లిదండ్రుల సమావేశము ముగిసిన పిమ్మట ఒక తల్లి నన్ను నిలిపి, “అయ్యవారూ, మా ఫోను మేము మాట్లాడుకునేదంతా వింటుందా?” అని యడిగిరి. వారి కుమారునకు రాత్రులయందు ఆయాసము వచ్చుచుండెను. భార్యాభర్తలు ఆ విషయమును ఇంటిలో మాటలాడుకొనిరి. మరునాడు భర్త ఫోనులో ఆ రోగమును గూర్చి వెదకి చూచెను. నాటి సాయంకాలమే బాలుడు పాఠము చూచుటకై అదే ఫోనును తెరువగా ఆయాసపు మందుల ప్రకటనలు వరుసగా కానవచ్చెను. “అమ్మా, నాకు జబ్బని ఫోనుకెలా తెలిసింది?” అని బాలుడడిగెనట. ఆ తల్లిని కలతపెట్టినది మందుల ప్రకటన కాదు. ఇంటి నాలుగు గోడల నడుమ నుండవలసిన మాట తమ యెరుక లేకుండ వీధికెక్కినదను భావము.

ఆ ప్రశ్నకు నాడు నేను సరియైన సమాధానము చెప్పలేకపోతిని. పిమ్మట చదివి తెలిసికొన్న విషయములను మన పాఠశాల తల్లిదండ్రుల ముందుంచుట నా విధి యని తలచి ఈ వ్యాసము వ్రాయుచున్నాను. ఇందు యంత్రశాస్త్ర పాండిత్య మవసరమగు విషయమేదియు లేదు. సంతలో బేరమాడ నేర్చిన ప్రతివారికిని ఇది బోధపడును.

ఫోను మన మాటలు వినుచున్నదా?

ఈ అనుమానము లోకమంతట నున్నది. 2018లో అమెరికాలోని నార్త్ ఈస్టర్న్ విశ్వవిద్యాలయమునకు చెందిన పరిశోధకులు 17,000కు పైగా ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షించి చూచిరి. రహస్యముగా మాటలను రికార్డు చేసి పంపుచున్న యాప్ ఒక్కటియు వారికి కనబడలేదు. అయితే కొన్ని యాప్‌లు ఫోను తెరపై జరుగుచున్న దానిని చిత్రముగా తీసి బయటికి పంపుచుండుటను వారు కనుగొనిరి.

దీని భావమేమి? మన మాటలను చాటునుండి వినవలసిన అవసరము కంపెనీలకు సాధారణముగా లేదు. మనము వెదకినది, చూచినది, కొన్నది, నిలిచిన చోటు, మాటలాడిన సమయము మున్నగు వివరములు మాటలకంటె స్పష్టముగా మనలను గూర్చి చెప్పుచున్నవి. ఆ తల్లి యింట జరిగినదియు నిదియే కావలెను. తండ్రి వెదకిన మాట ఆ ఫోనునకు గుర్తుగా నిలిచినది. ఫోను తండ్రిదో, బిడ్డదో ఎరుగని యంత్రము ఆ గుర్తును పట్టుకొని ప్రకటనను పంపినది. ఒక్క ఫోనును ఇంటిల్లిపాదియు వాడుకొను మన కుటుంబములలో ఒకరి గుట్టు మరియొకరికి ఈ విధముగా బయటపడుట సులభము.

కుకీ యనగా నేమి?

దేవాలయమునకు పోయినప్పుడు పాదరక్షలను వాకిట విడిచి ఒక బిళ్ళను పుచ్చుకొందుము. ఆ బిళ్ళపై సంఖ్య తప్ప మన పేరు గాని ఊరు గాని యుండదు. తిరిగి వచ్చి బిళ్ళ చూపగా మన పాదరక్షలు మనకు దక్కును. అంతర్జాలమునందలి ‘కుకీ’ యనునది ఇట్టి బిళ్ళయే.

1994లో నెట్‌స్కేప్ అను కంపెనీలో పనిచేయుచున్న లూ మాంటుల్లి అను ఇంజనీరు దీనిని కల్పించెను. అంతవరకు అంతర్జాలములోని అంగడికి జ్ఞాపకశక్తి యుండెడిది కాదు. ఒక పుటను చూచి మరియొక పుటకు పోగానే మనము దానికి క్రొత్తవారమే. బుట్టలో వేసికొన్న వస్తువులు తరువాతి పుటకు చేరునప్పటికి మాయమగుచుండెను. ఈ చిక్కును తీర్చుటకై అంగడి మన యంత్రములో ఒక సంఖ్యను వ్రాసి యుంచును. మనము మరల పోయినప్పుడు ఆ సంఖ్యను చూచి గుర్తుపట్టును. ఇంతవరకు ఇందు దోషమేమియు లేదు. పద్దు పుస్తకము పెట్టుకొన్న మన వీధి చిల్లర వర్తకునకును మన యింటికి నెలకెంత పప్పు, ఎంత నూనె కావలెనో తెలియును. అతనికి తెలియునని మనకును తెలియును.

దోషము తరువాత ప్రవేశించినది. ఒక వార్తాపత్రిక పుటను తెరచినప్పుడు అందలి వార్త ఆ పత్రిక యంత్రమునుండి వచ్చును. ప్రకటన మాత్రము వేరొక కంపెనీ యంత్రమునుండి వచ్చి ఆ పుటలో అతుకబడును. ప్రకటనతోపాటు ఆ కంపెనీయు తన బిళ్ళను మన యంత్రములో నుంచును. అదే కంపెనీ ప్రకటనలు వంటల పుటయందును, వైద్యుని పుటయందును, ఉద్యోగముల పుటయందును ఉన్నచో, ఎక్కడికి పోయినను అది మనలను గుర్తుపట్టును. వీధిలోని ప్రతి అంగడిలోను ఒకే మనుష్యుడు మూలన కూర్చుండి, మనమేమి కొంటిమో, దేనిని చేతికి తీసికొని మరల పెట్టితిమో వ్రాసికొనుచున్నాడనుకొనుడు. అంగడివాని నెరుగుదుము గాని మూలనున్న వానిని మనమెరుగము. ఈ వ్యాపారములో మొదట ప్రసిద్ధికెక్కినది డబుల్‌క్లిక్ అను కంపెనీ. 2008లో గూగుల్ దానిని తనలో కలుపుకొనెను.

బిళ్ళ లేకున్నను గుర్తుపట్టు విధము

కుకీని తుడిచివేసిన మాత్రమున పీడ వదలదు. గుర్తుపట్టుటకు మార్గములు మరికొన్ని కలవు. కంటికి కనబడని ఒక చుక్కంత చిత్రమును పుటలోనో ఉత్తరములోనో ఉంచి, అది తెరువబడిన క్షణమును తెలిసికొనుట యొక మార్గము. ఫోనులోని ప్రకటనల గుర్తింపు సంఖ్యను యాప్‌లు చదువుట మరియొక మార్గము.

మూడవది యంత్రపు వేలిముద్ర. తెర కొలత, యంత్రపు రకము, అందలి అక్షరముల అచ్చులు, కాలమానము, ఎంచుకొన్న భాష మున్నగువానిని విడివిడిగా చూచిన ఎవరినియు గుర్తింపలేము. అన్నిటిని కలిపి చూచినచో గుర్తింపవచ్చును. 2010లో ఎలెక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అను సంస్థ ప్రచురించిన పరిశోధనలో, పరీక్షింపబడిన బ్రౌజర్లలో నూటికి 83కు పైగా ఈ విధముగా మరి దేనితోను పోలికలేనివిగా తేలినవి.

ఇచట మనవంటి భాషాల్పసంఖ్యాకులు గమనింపవలసిన విశేషమొకటి కలదు. గుంపులో నున్నవాడు సులభముగా కానరాడు. భిన్నముగా నున్నవాడు వెంటనే కానవచ్చును. విజయవాడలో తెలుగు భాషను ఎంచుకొన్న ఫోను లక్షలలో నొకటి. తెలుగువారు పది యిండ్లకు మించని కన్నడ పేటలోనో, మరాఠీ పేటలోనో తెలుగు ఫోనును గుర్తించుట అంతకంటె తేలిక. అందుచేత ఫోనునుండి తెలుగును తొలగింపుడని నేను చెప్పుట లేదు. తాతముత్తాతల కాలమునుండి నిలుపుకొన్న భాషను వర్తకుల భయముచే విడుచుట తగదు. అల్పసంఖ్యాకులకు గుట్టు కాపాడుకొనుట ఇతరులకంటె ఎక్కువ అవసరమని మాత్రము నా మనవి.

మన చూపునకు వేలంపాట

ఇంత శ్రమపడి మనలను వెంబడించుటవలన కంపెనీలకు లాభమేమి? లెక్కలే చెప్పగలవు. గూగుల్‌కు మాతృసంస్థయైన ఆల్ఫబెట్‌కు 2023లో వచ్చిన ఆదాయము సుమారు 30,700 కోట్ల డాలర్లు. అందు సుమారు 23,800 కోట్ల డాలర్లు ప్రకటనలవలన వచ్చినవే. ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్‌లకు యజమానియైన మెటాకు అదే సంవత్సరము వచ్చిన సుమారు 13,500 కోట్ల డాలర్లలో ప్రకటనల వాటా సుమారు 13,200 కోట్లు. మనవద్ద పైసా పుచ్చుకొనని కంపెనీలకు ఇంత ధనమిచ్చువారు ప్రకటనకర్తలు. వారు కొనునది మన చూపు. ఆ చూపు ఎవరిదో తెలిసినకొలది దాని వెల పెరుగును.

కొనుగోలు జరుగు తీరు విచిత్రము. మనము ఒక పుటను తాకి అది తెరచుకొనులోపల, కన్నుమూసి తెరచునంత కాలములో, ఒక వేలంపాట జరుగును. “ఇట్టి ఫోను, ఇట్టి ఊరు, ఇట్టి వయస్సు కావచ్చును, నిన్న ఇట్టి వస్తువును వెదకెను, ఎంత యిచ్చెదరు?” అని అనేక కంపెనీలకు ఒకేసారి కబురు పోవును. హెచ్చు పాడినవాని ప్రకటన మన తెరపై నిలుచును. పాటలో ఓడినవారికిని మనలను గూర్చిన కబురు అందియే యుండును. వీనిని పోగుచేసి, వేరొక చోట సంపాదించిన వివరములతో జతపరచి అమ్ముటయే వృత్తిగా గల వర్తకులును కలరు.

ప్రకటనలన్నియు చెడ్డవని నా యుద్దేశము కాదు. ప్రకటనల ఆదాయమువలననే పేదవిద్యార్థికిని పటములు, పాఠములు, నిఘంటువులు వెల లేకుండ లభించుచున్నవి. మన వార్షిక సంచికల చివరి పుటలలో గూడ వస్త్రాలయముల, పుస్తకశాలల ప్రకటనలుండును. తెలుగు కుటుంబములు చదువు సంచిక గావున ఆ వర్తకులు అందు ప్రకటన వేయింతురు. అంతటితో సరి. ఆ పుటను ఏ యింట ఎవరు ఎంతసేపు చూచిరో వారెరుగరు. మీ వెంట వారు ఇంటికి రారు. చదువు విషయమును బట్టి వేయు ప్రకటనకును, చదువరి జాడను బట్టి వేయు ప్రకటనకును గల భేదమిదియే. మొదటిది నూరేండ్లకు పైగా పత్రికలను పోషించినది. వెంబడింపనిదే ప్రకటన సాగదనుట నిజము కాదు.

“నాయందు దాచవలసినదేమున్నది?”

ఈ మాట మన పెద్దలనోట తరచుగా వినబడును. దీనికి సమాధానముగా మూడు సంగతులను మనవి చేయుదును.

మొదటిది. 2006లో ఏ.ఓ.ఎల్. అను అమెరికా కంపెనీ సుమారు ఆరున్నర లక్షల మంది చేసిన దాదాపు 2 కోట్ల వెదకులాటలను పరిశోధకులకై ప్రకటించెను. పేర్లు తీసివేసి సంఖ్యలు మాత్రమే యుంచినందున భయము లేదని తలచెను. న్యూయార్క్ టైమ్స్ విలేఖరులు ఒక సంఖ్య వెదకిన మాటలను కలిపి చదివి, ఆమె ఎవరో కనుగొని, ఇంటి తలుపు తట్టిరి. పేరును తీసివేసినను మనుష్యుడు మిగిలియే యుండునని నాడు లోకమునకు తెలిసినది.

రెండవది. ఒక ప్రశ్నావళి యాప్ ద్వారా ఫేస్‌బుక్ వినియోగదారుల వివరములు కేంబ్రిడ్జ్ ఎనలిటికా అను రాజకీయ ప్రచార సంస్థకు చేరినవని 2018లో బయటపడెను. ఫేస్‌బుక్ చెప్పిన లెక్క ప్రకారము భారతదేశములో ఆ యాప్‌ను వాడినవారు 335 మంది మాత్రమే. అయినను వారి స్నేహితుల వివరములను గూడ ఆ యాప్ తీసికొన్నందున 5,62,455 మంది భారతీయులకు దాని ప్రభావము తగిలియుండవచ్చునని తేలెను. లోకమంతట ఆ సంఖ్య 8 కోట్ల 70 లక్షలవరకు ఉండవచ్చునని కంపెనీయే చెప్పెను. 2019లో అమెరికా ప్రభుత్వ సంస్థ యొకటి ఫేస్‌బుక్‌కు 500 కోట్ల డాలర్ల జరిమానా విధించెను. దీనినుండి నేర్వవలసిన దేమనగా, మన గుట్టు మన యొక్కరి చేతిలో లేదు. నేను నిర్లక్ష్యముగా నొక్కిన మీటవలన నా బంధువుల వివరములు పోవును.

మూడవది మన భాషవారికి మిక్కిలి దగ్గరిది. 2020లో తెలంగాణములోను ఇతర రాష్ట్రములలోను క్షణములలో అప్పులిచ్చు యాప్‌లు ప్రబలెను. అప్పు తీసికొనువారు యాప్‌ను పెట్టుకొనునప్పుడు ఫోనులోని పేర్లను, చిత్రములను చూచుటకు అనుమతి నిచ్చిరి. వాయిదా తప్పగానే వసూలుదారులు ఆ పేర్లన్నిటికిని ఫోను చేసి, సందేశములు పంపి, అప్పు తీసికొన్నవారిని బంధుమిత్రులలో అవమానపరచిరి. ఆ యవమానమును భరింపలేక ప్రాణములు కోల్పోయినవారును కలరు. పిమ్మట 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు జారీచేసిన నియమములు, అప్పుల యాప్‌లు ఫోనులోని పేర్ల పట్టికను, చిత్రములను, పిలుపుల వివరములను తీసికొనరాదని శాసించెను. దాచవలసిన పాపమేమియు ఎరుగని కుటుంబములే నాడు చితికిపోయినవి.

న్యాయస్థానములో అల్పసంఖ్యాకుని మాట

గుట్టు కాపాడుకొనుట మన హక్కా, వట్టి కోరికయా యను ప్రశ్న మన దేశములో నేటిది కాదు. ఉత్తరప్రదేశములో ఖరక్‌సింగ్ అను వ్యక్తిపై దోపిడి నేరము మోపబడి, సాక్ష్యము లేనందున ఆతడు విడువబడెను. అయినను పోలీసులు ఆతనిపై నిఘా యుంచి, రాత్రివేళ ఇంటికి వచ్చి తలుపు తట్టుచుండిరి. ఆ వ్యాజ్యములో 1962లో సుప్రీంకోర్టు ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పు చెప్పెను. రాత్రివేళ ఇంటికి వచ్చుట చెల్లదని అందరును అంగీకరించిరి. గోప్యత యనునది రాజ్యాంగము హామీ యిచ్చిన హక్కు కాదని మాత్రము నలుగురు నిర్ణయించిరి. ఇద్దరు భిన్నాభిప్రాయమును ప్రకటించిరి. వారిలో తీర్పు వ్రాసిన న్యాయమూర్తి రాజమహేంద్రవరమున జన్మించిన కోకా సుబ్బారావు గారు. తనను ఎవరో కనిపెట్టుచున్నారను భావమే మనుష్యుని స్వేచ్ఛను హరించుననియు, గోప్యత వ్యక్తిస్వేచ్ఛలో ముఖ్యమైన భాగమనియు వారి వాదము. వారు పిమ్మట 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి పదవి నలంకరించిరి.

నాటి అల్పసంఖ్యాకాభిప్రాయము అర్ధశతాబ్దము వేచియుండెను. కర్ణాటక ఉన్నత న్యాయస్థానమున న్యాయమూర్తిగా పనిచేసి విశ్రాంతి పొందిన కె. ఎస్. పుట్టస్వామి గారు తమ వృద్ధాప్యమున, 2012లో, ఆధార్ విషయమై సుప్రీంకోర్టులో వ్యాజ్యము వేసిరి. ఆ వ్యాజ్యమునుండి పుట్టిన ప్రశ్నపై 2017 ఆగస్టు 24వ తేదీన తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకకంఠముగా, గోప్యత ప్రాథమికమైన హక్కేయని తీర్పు చెప్పిరి. గోప్యత విషయమున 1962 నాటి నలుగురి నిర్ణయము త్రోసివేయబడెను. సుబ్బారావు గారి మాట నిలిచెను. ప్రభుత్వమువలననే గాక ప్రైవేటు సంస్థలవలనను గోప్యతకు అపాయము కలదని న్యాయమూర్తులు హెచ్చరించిరి.

దాని ఫలముగా 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము వచ్చినది. దానికి నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడినవి. కంపెనీల ముఖ్య బాధ్యతలకు నాటినుండి పదునెనిమిది నెలల గడువు పెట్టిరి. మనవంటి తల్లిదండ్రులకు ముఖ్యమైనది తొమ్మిదవ సెక్షను. పదునెనిమిది సంవత్సరములు నిండని బాలబాలికల వివరములను తీసికొనుటకు ముందు తల్లిదండ్రుల సమ్మతిని, అది నిజమైనదేయని సరిచూచుకొని, పొందవలెను. బాలుర జాడలను వెంబడింపరాదు. వారిని గురిచేసి ప్రకటనలు వేయరాదు. ఈ బాధ్యతలను మీరినవారికి 200 కోట్ల రూపాయలవరకు జరిమానా విధింపవచ్చును. ప్రభుత్వము కొందరికి మినహాయింపు నిచ్చుటకు వీలున్నను, మూలసూత్రము మాత్రము స్పష్టము.

బడి పిల్లల సంగతి

కరోనా కాలములో బడులు మూతపడి పాఠములు ఫోనులోనికి వచ్చినవి. 49 దేశముల ప్రభుత్వములు నాడు సిఫారసు చేసిన 160కి పైగా విద్యా సాధనములను హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ పరీక్షించి 2022లో ఫలితములను ప్రకటించెను. వానిలో పదింట దాదాపు తొమ్మిది పిల్లల హక్కులకు భంగము కలిగించునట్లో, అట్టి అపాయము కలుగునట్లో వారి వివరములను వాడుకొనుచున్నవని తేలెను. అంతకుముందు 2019లోనే, తల్లిదండ్రుల అనుమతి లేక పిల్లల వివరములను సేకరించినందుకు యూట్యూబ్ విషయమున గూగుల్ 17 కోట్ల డాలర్లు చెల్లించుటకు అంగీకరింపవలసివచ్చెను.

పెద్దవాడు చేసిన పొరపాటు ఆతని కాలముతో పోవును. పదేండ్ల బాలుని గూర్చి నేడు వ్రాయబడిన చిట్టా ఆతడు ఉద్యోగమునకు పోవునప్పటికి ఎవరి చేతిలో నుండునో చెప్పలేము. ఏ వయస్సున ఏ పాఠము రాక ఏడ్చెనో, ఏ రాత్రి ఎంతసేపు ఆటలాడెనో, ఏ జబ్బు చేసెనో, తన గూర్చి తాను మరచిన సంగతులను పరులు జ్ఞాపకముంచుకొందురు. పిల్లలకు మరచిపోబడు హక్కు కూడ నుండవలెను గదా.

ఇంటిలో చేయవలసిన పనులు

పూర్ణమైన రక్షణ ఎవరికిని సాధ్యము కాదు. అయినను తలుపునకు గడియ వేయుట మానము గదా.

1. క్రొత్త యాప్ పెట్టుకొనునప్పుడు అది అడుగు అనుమతిని చదువవలెను. దీపము వెలిగించు యాప్‌నకు మన బంధువుల పేర్లతో పని లేదు. లెక్కల పాఠమునకు మనమున్న చోటు తెలియనక్కర లేదు. అవసరము లేని అనుమతిని నిరాకరింపవలెను; అంతట ఆ యాప్ పని చేయనన్నచో దానినే తీసివేయవలెను.

2. ఆండ్రాయిడ్ ఫోను సెట్టింగులలో గోప్యత, ప్రకటనలు అను భాగమున ప్రకటనల గుర్తింపు సంఖ్యను తొలగించు అవకాశము కలదు. ఐఫోనులో 2021నుండి ప్రతి యాప్ మనలను వెంబడించుటకు ముందు అనుమతి నడుగవలెను. వలదనుటయే మేలు. ఈ యొక్క మార్పువలన 2022లో తమకు సుమారు 1,000 కోట్ల డాలర్ల ఆదాయము తగ్గవచ్చునని మెటా అధికారులే చెప్పిరనిన, మన “వలదు” అను మాటకు గల బలము తెలియును.

3. సఫారీ, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లు పరుల కుకీలను చాలవరకు తామే అడ్డగించును. క్రోమ్‌లో వానిని తీసివేయుదుమని గూగుల్ 2020లో ప్రకటించి, 2024లో ఆ సంకల్పమును విడిచెను. కావున క్రోమ్ వాడువారు సెట్టింగులలో తామే అడ్డగింపవలెను.

4. గూగుల్ ఖాతాలో మన వెదకులాటల చిట్టాను మూడు నెలలకొకసారి తానే తుడుచుకొనునట్లు ఏర్పాటు చేసికొనవచ్చును.

5. ‘ఇన్‌కాగ్నిటో’ అను రహస్యపు కిటికీని చూచి మోసపోరాదు. మనము చూచినది ఇంటిలోని ఇతరులకు తెలియకుండ దాచుట దాని పని. అంతర్జాల సంస్థలనుండి దాచుట కాదు. అయినను ఒకే ఫోనును పిల్లలతో పంచుకొను ఇండ్లలో, రోగముల వంటి విషయములను ఆ కిటికీలో వెదకుట కొంత మేలు. ఆ ఆయాసపు బాలుని తల్లికి నేనిప్పుడు చెప్పగల మొదటి సలహా యిది.

6. అన్నిటికంటె ముఖ్యమైనది, పిల్లలతో కూర్చుండి మాటలాడుట. “ఈ ఆట ఉచితముగా వచ్చినది గదా, దీనిని చేసినవానికి జీతమెవరిచ్చుచున్నారు?” అని అడిగి చూడుడు. ఎనిమిదేండ్ల బిడ్డయు ఆలోచింపగలదు.

పాఠశాలలో చేయవలసిన పనులు

పరులను విమర్శించి మనలను మనము విడిచిపెట్టుట న్యాయము కాదు. మన ఉపాధ్యాయులమే పిల్లల మార్కుల పట్టికలను వాట్సాప్ బృందములలో ఉంచుచున్నాము. వార్షికోత్సవపు చిత్రములను పేరు, తరగతితో సహా అందరును చూచుచోట పెట్టుచున్నాము. ప్రవేశపత్రములతో పుచ్చుకొన్న ఆధార్ ప్రతులు ఎక్కడెక్కడ నున్నవో అడిగినచో వెంటనే చెప్పలేము. సదుద్దేశముతో చేసినను పొరపాటు పొరపాటే. నేనును అందు భాగస్వామినే. మార్కులను ఆయా తల్లిదండ్రులకు మాత్రమే తెలుపుట, చిత్రములకు వ్రాతమూలకమైన అనుమతి తీసికొనుట, పాఠముల యాప్‌ను ఎంచుకొనునప్పుడు అది పుచ్చుకొను వివరములను విచారించుట, అవసరము తీరిన పత్రములను నశింపజేయుట అను నాలుగు నియమములను మన కార్యవర్గము ఈ సంవత్సరమే పరిశీలింపవలెనని ప్రార్థించుచున్నాను. తల్లిదండ్రులు అడిగిననే యిది త్వరగా జరుగును.

ముగింపు

మనము లెక్కింపబడుటకు జంకువారము కాము. జనాభా లెక్కలలో మాతృభాష తెలుగని వ్రాయింపుడని మన పెద్దలు ఇంటింటికి తిరిగి చెప్పిరి. ఆ లెక్కవలననే మనకు బడులు, పాఠ్యపుస్తకములు అడుగు హక్కు బలపడినది. అయితే జనగణన ఉద్యోగి తలుపు తట్టి, ఎదుట నిలిచి, అడిగి వ్రాసికొనును. ఆతనికి చెప్పిన వివరములను ఇతరులు చూడరాదని 1948 నాటి జనగణన చట్టము శాసించుచున్నది. అడిగి, మేలు కొరకు, గుట్టు కాపాడుదునని మాట యిచ్చి లెక్కించువాడొకడు. అడుగక, తన లాభము కొరకు, చాటునుండి లెక్కించువాడు మరియొకడు. మొదటివానికి తలుపు తీయుదము. రెండవవానిని ఎవరని ప్రశ్నింతము.

నాడు నన్ను ప్రశ్నించిన తల్లి చదివినది ఐదవ తరగతివరకే. అయినను యంత్రముల నెరిగినవారు అడుగవలసిన ప్రశ్నను ఆమె అడిగినది. అట్టి ప్రశ్నలు మన యిండ్లలో పుట్టుచున్నంతకాలము మన బిడ్డలకు భయము లేదు.